వృద్ధులకు ఇంటియందే విడతల వ్యాయామము

వయస్సు మీరినవారికి విశ్రాంతి నొసగుట మన కుటుంబములలో చిరకాలముగా వచ్చుచున్న మర్యాద. తాతగారు నీళ్లబిందె ఎత్తబోయినచో కోడలు పరుగున వచ్చి అందుకొనును. అమ్మమ్మగారు డాబా మెట్లెక్కబోయినచో మనుమడు వారించును. “ఇంక ఈ పనులు మీకెందుకు? కృష్ణా రామా అనుకొనుచు కూర్చుండరాదా?” అను మాట ప్రేమతో పలుకునదే గాని వేరు కాదు. అయినను ఆ మాటను అక్షరాల పాటించిన వృద్ధులకు కాలక్రమమున ఒక కష్టము సంప్రాప్తమగుచున్నది. కూర్చున్న కాళ్లకు లేచు బలము తగ్గును. కొన్ని సంవత్సరములకు పీటమీదినుండి, మంచముమీదినుండి, స్నానాల గదినుండి పరుల సాయము లేక బయటకు రాలేని స్థితి ఏర్పడును.

2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 60 సంవత్సరములు నిండినవారు 10 కోట్ల 38 లక్షలమంది. వీరిలో పెక్కుమంది కోరునది దీర్ఘాయువు మాత్రమే కాదు. ఒకరిపై భారము మోపక, తమ పనులు తాము చేసికొనుచు బ్రతుకవలెననియే వారి కోరిక. ఈ కోరిక నెరవేరుటకు తోడ్పడు ఒక సులభమైన పద్ధతిని ఈ చిన్న పుస్తకము వివరించును. దీనికి వ్యాయామశాలతో గాని, యంత్రములతో గాని పనిలేదు. ఒక గట్టి కుర్చీ, ఒక గోడ, ఒక గడియారము చాలును.

బలము తగ్గుటకు కారణములు

ముప్పది సంవత్సరములు దాటినది మొదలు మానవుని కండరముల పరిమాణము పది సంవత్సరములకు సుమారు 3 నుండి 8 శాతము వరకు తగ్గుచుండును. అరువది దాటిన పిమ్మట ఈ తరుగుదల మరింత త్వరితమగును. గుండె, ఊపిరితిత్తులు, కండరములు కలిసి ప్రాణవాయువును వినియోగించుకొను శక్తియు పది సంవత్సరములకు సుమారు 10 శాతము చొప్పున క్షీణించును. నాలుగు మెట్లెక్కగానే ఆయాసము కలుగుటకు ఇదియే ముఖ్యకారణము.

ఐతే ఈ క్షీణతకంతకును వయస్సే కారణమనుట సరికాదు. కదలిక లేకుండుట చేయు హాని వయస్సు చేయు హానికంటె తక్కువది కాదు. 1966వ సంవత్సరమున అమెరికాలోని డాలస్ నగరమున ఆరోగ్యవంతులైన 20 ఏండ్ల యువకులను ఐదుగురిని 3 వారములపాటు మంచముపైననే ఉంచి పరీక్షించిరి. వారి శక్తి మిక్కిలి తగ్గిపోయెను. ముప్పది సంవత్సరముల పిమ్మట, 50 ఏండ్ల ప్రాయమున, ఆ ఐదుగురినే మరల పరీక్షింపగా ఒక విశేషము తేలినది. ముప్పది సంవత్సరముల వయోభారము వారి శక్తిని తగ్గించినదానికంటె, యౌవనమున 3 వారముల పడక తగ్గించినదే ఎక్కువ. తరువాత 6 మాసములు క్రమముగా వ్యాయామము చేయగా, వయస్సువలన తగ్గిన ప్రాణవాయు వినియోగశక్తి వారికి తిరిగి సమకూరెను. ఇది కొద్దిమందిపై జరిగిన పరీక్షయే. అయినను విశ్రాంతి మితిమీరిన హాని యనియు, పోయిన బలమును కొంతవరకైన తిరిగి పొందవచ్చుననియు ఇది తెలుపుచున్నది.

విడతల వ్యాయామ మననేమి?

కొంతసేపు గట్టిగా శ్రమించి, మరికొంతసేపు తేలికగా కదలుచు అలసట తీర్చుకొని, మరల శ్రమించుట విడతల వ్యాయామము. దీనినే ‘ఇంటర్వెల్’ వ్యాయామమని కూడ అందురు. పేరు క్రొత్తదైనను పద్ధతి మన పెద్దలకు క్రొత్తది కాదు. వెనుకటి దినములలో బావినుండి నాలుగు చేదల నీరు తోడి ఒక నిమిషము ఆగెడివారు, మరల తోడెడివారు. వడ్లు దంచునపుడు కొన్ని పోట్లు వేసి రోకలి చేతులు మార్చుకొనెడివారు. శ్రమయు విరామమును ఒకదానివెంట నొకటి వచ్చుట ఆ పనుల స్వభావము. కుళాయిలు, మిక్సీలు, మోటారు బండ్లు వచ్చి ఆ కష్టమును తప్పించినవి. ఆ కష్టముతోబాటు శరీరమునకు కలుగు మేలును తప్పిపోయినది.

క్రీడారంగమున ఈ పద్ధతిని 1930-40 మధ్య జర్మనీలో గెర్ష్లర్ అను శిక్షకుడును, రైన్‌డెల్ అను వైద్యుడును శాస్త్రీయముగా పెంపొందించిరి. పరుగుకును పరుగుకును నడుమ విరామ మిచ్చుచు సాధన చేసిన చెకొస్లొవేకియా వీరుడు ఎమిల్ జాటోపెక్ 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ పరుగులు మూడింటను స్వర్ణపతకములు గెలుచుకొనెను. పరుగువీరులకు పనికివచ్చిన ఈ సూత్రమే, తగినంత తగ్గించి వాడినచో, వృద్ధులకును పనికివచ్చునని తరువాతి పరిశోధనలు చూపినవి.

విరామ మిచ్చుటలో గల మేలు

నెమ్మదిగా నడచుట మంచిదే. నడవకుండుటకంటె ఎన్నియో రెట్లు మేలు. కాని నెమ్మది నడకలో శరీరమునందలి కొన్ని కండరపు పోగులు మాత్రమే పనిచేయును. త్వరగాను బలముగాను కదలుటకు తోడ్పడు పోగులు పని లేక సన్నగిల్లును. వయస్సు వచ్చిన కొలది ముందుగా క్షీణించునవి ఈ పోగులే. కాలు జారినపుడు తటాలున నిలద్రొక్కుకొనుటకును, కుర్చీనుండి ఒక్క ఊపున లేచుటకును కావలసినవియు ఇవే. కొంత గట్టి శ్రమ పడినప్పుడుగాని అవి మేల్కొనవు.

అట్లని గట్టి శ్రమను ఏకధాటిగా అరగంట చేయుట వృద్ధులకు సాధ్యము కాదు. నడుమ విరామ మున్నయెడల గుండె కొంత తేరుకొనును, ఊపిరి కుదుటపడును, కండరములు మరియొక విడతకు సిద్ధపడును. ఈ విధముగా ఒక్కసారిగా చేయలేని శ్రమను విడతలుగా పూర్తి చేయవచ్చును.

జపాను దేశమునందలి మత్సుమొతో నగరమున షిన్షూ విశ్వవిద్యాలయము వారు ఈ విషయమును పరిశోధించి 2007లో ఫలితములను ప్రకటించిరి. సగటున 63 ఏండ్ల వయస్సుగల 246 మంది అందు పాల్గొనిరి. ఒక వర్గమువారు 3 నిమిషములు మెల్లగాను, 3 నిమిషములు వేగముగాను నడచుచు, అట్లు 5 పర్యాయములు లేక అంతకు మించి, వారమునకు 4 దినములు లేక అంతకు మించి, 5 మాసములపాటు సాధన చేసిరి. వారి మోకాలిని చాచు బలము 13 శాతము, ముడుచు బలము 17 శాతము పెరిగినది. నడకలో ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి 9 శాతము హెచ్చినది. ఒకే రీతిగా మెల్లగా నడచినవారికి ఇంత ఫలము కలుగలేదు. విడతలుగా నడచినవారి రక్తపు పోటు కూడ ఎక్కువగా తగ్గినది.

నార్వే దేశమున ట్రాండ్‌హైమ్ నగరమున 70 మొదలు 77 సంవత్సరముల వయస్సుగల 1,567 మందిపై 5 సంవత్సరములు జరిగిన పరిశోధన 2020లో వెలువడినది. వ్యాయామ శిక్షణ పొందిన వర్గములకును, సామాన్యమైన సలహా మాత్రమే పొందిన వర్గమునకును నడుమ మరణముల సంఖ్యలో నిశ్చయమైన భేదము అందు కానరాలేదు. కావున విడతల వ్యాయామము ఆయుస్సును పొడిగించునని వాగ్దానము చేయుట తగదు. అది చేయగల మేలు కాళ్లకు బలమును, గుండెకు ఓర్పును ఇచ్చుట. ఉన్నన్నినాళ్లు స్వశక్తిపై జీవించుటకు అది చాల విలువైన సహాయము.

ముందుగా వైద్యుని చూడవలసినవారు

ఈ క్రింది స్థితిలో నున్నవారు వైద్యుని అనుమతి లేనిదే ఈ వ్యాయామమును ఆరంభింపరాదు.

గుండెజబ్బు వచ్చినవారు, గుండెకు శస్త్రచికిత్స జరిగినవారు, నడచునపుడు రొమ్ము పట్టినట్లుండువారు, ఇటీవల స్పృహ తప్పి పడినవారు, రక్తపు పోటు అదుపులో లేనివారు, పక్షవాతము వచ్చినవారు, పడుకొన్నను ఆయాసపడువారు, పాదములు వాచినవారు, చక్కెరవ్యాధికి ఇన్సులిను గాని, చక్కెరను హెచ్చుగా తగ్గించు మాత్రలు గాని వాడువారు, తుంటి, వెన్ను ఎముకలు విరిగినవారు.

ఆరోగ్యముగా నున్నట్లు కనబడువారును, చాలకాలముగా కదలిక లేనివారైనచో, ఒకసారి రక్తపు పోటును, చక్కెరను పరీక్ష చేయించుకొనుట మంచిది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఈ పరీక్షలు చేయుదురు. కేంద్రప్రభుత్వము 2010-11లో ప్రారంభించిన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమము వయోవృద్ధుల కొరకే ఏర్పడినది.

మోకాళ్ల నొప్పులున్నవారు కాళ్లు కదపకూడదనుకొనుట పొరపాటు. తొడకండరములు బలపడినకొలది మోకాలిపై పడు భారము తగ్గును. వారు ఎత్తైన కుర్చీని వాడవలెను. నొప్పి హెచ్చినచో లోతుగా వంగుట మానవలెను.

శ్రమను కొలుచు విధము

నాడిని లెక్కించి శ్రమను తెలిసికొనుట ఒక పద్ధతి. కాని రక్తపు పోటునకు, గుండెజబ్బునకు ఇచ్చు మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు నాడివేగమును అణచియుంచును. వానిని వాడువారికి నాడి సరియైన గుర్తు కాదు. మాటయే మంచి కొలబద్ద.

తేలికగా కదలునపుడు మనుష్యుడు పాడగలడు. మధ్యస్థమైన శ్రమలో మాటలాడగలడు గాని పాడలేడు. గట్టి శ్రమలో నాలుగు మాటలు పలుకగానే ఊపిరి తీసికొనవలసి వచ్చును. తెలుగువారికి ఒక సులభమైన ఉపాయము గలదు. కంఠస్థమైన వేమన పద్యమునో, సుమతీ పద్యమునో చదువవచ్చును. విరామ సమయమున పద్యము నాలుగు పాదములును తడబడక సాగవలెను. శ్రమ విడతలో ఒక్కొక్క పాదమునకు ఆగి ఊపిరి తీసికొనవలసి వచ్చినచో శ్రమ సరిపడినట్లే. ఒక్క మాటయు పెగలనిచో శ్రమ మితిమీరినది, వెంటనే తగ్గింపవలెను. విరామము ముగిసినను పద్యము సాగనిచో మరియొక నిమిషము ఆగవలెను. తొందరపడుటవలన లాభము లేదు.

స్థలము, వేళ

తడి లేని నేలపై, మంచి వెలుతురున వ్యాయామము చేయవలెను. జారు చాపలు, తివాచీలు, విద్యుత్తు తీగలు కాళ్లక్రింద ఉండరాదు. నున్నని బండలపై మేజోళ్లతో నిలువరాదు. చీర కుచ్చిళ్లు, పంచె అంచులు కాళ్లకు తగులకుండ సర్దుకొనవలెను. కుర్చీకి చక్రములు ఉండరాదు. దాని వీపును గోడకు ఆనించవలెను.

భోజనమైన పిదప 2 గంటలైనను గడువవలెను. వేసవిలో ఎండ ముదురకముందే, వసారాలోనో, గాలి వీచు గదిలోనో ముగించుకొనవలెను. దాహమునకు నీరు త్రాగవచ్చును. గుండె, మూత్రపిండముల జబ్బులవలన నీటికి పరిమితి యున్నవారు వైద్యుడు చెప్పిన మేరకే త్రాగవలెను. చక్కెరవ్యాధికి మందులు వాడువారు బెల్లపు ముక్కనో, చక్కెరనో దగ్గర ఉంచుకొనవలెను. జ్వరము, విరేచనములు ఉన్న దినమున వ్యాయామము మానవలెను.

వ్యాయామములు

నిలిచినచోట నడక: కుర్చీ వీపును ఒక చేత పట్టుకొని, ఒక్కొక్క మోకాలిని వీలైనంత ఎత్తునకు లేపుచు అడుగులు వేయవలెను. శ్రమ విడతలో వేగము హెచ్చింపవలెను. నిలువలేనివారు కుర్చీలో కూర్చుండియే చేయవచ్చును.

కుర్చీనుండి లేచి కూర్చుండుట: పాదములను నేలపై గట్టిగా ఆనించి, కొంచెము ముందునకు వంగి లేవవలెను. నిదానముగా కూర్చుండవలెను, ధబాలున పడరాదు. మొదట కుర్చీ చేతులను ఊతగా పట్టుకొనవచ్చును. బలము వచ్చిన పిమ్మట చేతులను రొమ్ముపై కట్టుకొని లేవవలెను.

గోడను నెట్టుట: గోడకు చేయిచాపు దూరమున నిలిచి, అరచేతులను గోడకు ఆనించి, మోచేతులను వంచుచు ముందునకు వాలి, మరల వెనుకకు నెట్టుకొనవలెను.

మడమ లెత్తుట: కుర్చీ వీపును పట్టుకొని మునివ్రేళ్లపై లేచి, నెమ్మదిగా దిగవలెను.

మెట్టు ఎక్కి దిగుట: పట్టుకొనుటకు ఊత యున్నచోటనే, అన్నిటికంటె క్రిందిమెట్టు ఒక్కదానిని ఎక్కి దిగవలెను. తలతిరుగువారు దీనిని చేయరాదు.

ఏ వ్యాయామమునందును ఊపిరి బిగబట్టరాదు. లేచునపుడు గాలి విడువవలెను, కూర్చుండునపుడు పీల్చవలెను.

అభ్యాస క్రమము

ప్రతిసారియు మొదట 5 నిమిషములు గదిలో మెల్లగా నడచుచు, భుజములను, మణికట్లను, చీలమండలను త్రిప్పవలెను. తుదను మరల 5 నిమిషములు మెల్లగా నడువవలెను. శ్రమ విడత కాగానే చటుక్కున నిలిచిపోయినచో రక్తము కాళ్లలో నిలిచి తలతిరుగును. ఈ తుదినడకను ఎన్నడును విడువరాదు.

1, 2 వారములు: అర నిమిషము శ్రమ, ఒకటిన్నర నిమిషము విరామము, 4 పర్యాయములు.

3, 4 వారములు: 1 నిమిషము శ్రమ, 2 నిమిషముల విరామము; 5 పర్యాయములు.

5వ వారమునుండి 12వ వారము వరకు: 2 నిమిషముల శ్రమ, 2 నిమిషముల విరామము, 4 పర్యాయములు.

తరువాత, శక్తి గలవారు జపానువారి క్రమమున 3 నిమిషముల శ్రమ, 3 నిమిషముల విరామము, 5 పర్యాయములు చేయవచ్చును. విరామమున కూర్చుండిపోక మెల్లగా అడుగులు వేయుచుండవలెను. మొదటి రెండు వారములు మధ్యస్థమైన శ్రమయే చాలును. గట్టి శ్రమను మూడవ వారమునుండి అలవరచుకొనవలెను. ఒక దశలో కష్టముగా నున్నచో మరి రెండు వారములు ఆ దశలోనే ఉండవచ్చును. ఇది పందెము కాదు.

సోమ, బుధ, శుక్రవారములవలె దినము విడిచి దినము, వారమునకు 3 దినములు చేయుట ఉచితము. నడుమ దినములలో కండరములు తేరుకొనును. ఆ దినములలో మామూలు నడకయు, గోడ ప్రక్కన ఒంటికాలిపై కొన్ని క్షణములు నిలుచుట వంటి నిలకడ సాధనయు చేయవలెను. 65 సంవత్సరములు దాటినవారు వారమునకు 150 నిమిషములైనను మధ్యస్థమైన శ్రమ గాని, 75 నిమిషములైనను గట్టి శ్రమ గాని చేయవలెనని, కండరబలమునకై 2 దినములు, నిలకడకై 3 దినములు కేటాయింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. అంత చేయలేనివారు చేయగలిగినంత చేసినను మేలే. కండరము పెరుగుటకు ఆహారమును కావలెను. పప్పు, పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు ఎవరి అలవాటునుబట్టి వారు భోజనమున చేర్చుకొనవలెను.

అభివృద్ధిని తెలిసికొనుట

నెలకొకసారి ఇంటివారొకరు గడియారము చూచుచుండగా, 17 అంగుళముల ఎత్తుగల కుర్చీనుండి, చేతులు రొమ్ముపై కట్టుకొని, 30 సెకనులలో ఎన్నిసార్లు పూర్తిగా లేవగలిగినదియు లెక్కించి వ్రాసికొనవలెను. అమెరికా లెక్కలనుబట్టి 65 నుండి 69 ఏండ్ల పురుషులు 12 సార్లకంటెను, స్త్రీలు 11 సార్లకంటెను తక్కువ లేచినచో కాళ్లబలము సగటునకు తక్కువయని అర్థము. అట్టివారికి పడిపోవు భయము ఎక్కువ. ఐతే ఇతరులతో పోల్చుకొనుటకంటె, ఒకే కుర్చీపై తమ వెనుకటి నెల లెక్కతో పోల్చుకొనుటయే సరియైన పద్ధతి. మొదట ఆరుసార్లు లేచినవారు మూడు నెలలకు తొమ్మిదిసార్లు లేచినచో అది గొప్ప లాభము.

ఆపివేయవలసిన గుర్తులు

రొమ్మున నొప్పి గాని, బరువు గాని, పట్టినట్లుండుట గాని, ఎడమచేతికి, దవడకు, వీపునకు ప్రాకు నొప్పి, విరామమున తగ్గని ఆయాసము, తలతిరుగుట, కన్నులు చీకట్లు క్రమ్ముట, చల్లని చెమట, గుండె అదుపు తప్పి కొట్టుకొనుట, మూతి వంకరపోవుట, మాట తడబడుట, ఒకవైపు చేయి కాలు పడిపోవుట. వీనిలో ఏది కనబడినను వెంటనే ఆపి కూర్చుండవలెను, ఇంటివారిని పిలువవలెను. రొమ్మునొప్పి, పక్షవాతపు గుర్తులు కనబడినచో ‘తగ్గునేమో చూతము’ అని కాలయాపన చేయక 108కి గాని, 112కి గాని టెలిఫోను చేయవలెను. మరునాడు కండరములు కొంచెము సలుపుట సహజము. కీలు వాచుట, నొప్పి రెండు దినములకును తగ్గకుండుట సహజము కాదు.

ఇంటివారు చేయదగిన సాయము

వృద్ధులు వ్యాయామము చేయునపుడు, ముఖ్యముగా మొదటి వారములలో, ఇంటిలో ఒకరు దగ్గర ఉండవలెను. గడియారము చూచి విడత చెప్పుట మనుమలకు ఆటవలె నుండును. పెద్దలు కుర్చీనుండి లేచునపుడు చేయి అందించుటకు ముందు ఒక్క క్షణము ఓపిక పట్టవలెను. వారు స్వయముగా లేవగలిగినచో లేవనీయవలెను. పడిపోవు వారిని పట్టుకొనుట ఎంత ధర్మమో, లేవగలవారిని లేవనిచ్చుటయు అంత ధర్మమే. పెద్దలు దేవుని తలచుకొనుట మానవలసిన పనియు లేదు. కృష్ణా రామా అనుకొనుచునే నిలిచినచోట నాలుగడుగులు వేసినచో అటు మనస్సునకును ఇటు కాళ్లకును మేలు చేకూరును.